పాత సోర్సు కోడుకి డాక్సిజన్‌తో డాక్యుమెంటేషన్: ఎన్‌కోడింగ్ చిక్కులు విప్పడం ఎలా?

మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఒక టీమ్ చేతికి పాత సీ కోడు వస్తుంది. డ్రైవర్ ఫైళ్లలో కామెంట్లు జపనీస్‌లో, కొలతల ఫైళ్లలో జర్మన్‌లో, ఇక్కడే ఎవరో రాసిన బిల్లింగ్ మాడ్యూల్లో తెలుగులో ఉంటాయి. కోడులోని కామెంట్ల నుంచి డాక్యుమెంటేషన్ తయారుచేసే డాక్సిజన్ నడిపితే పేజీలు తయారవుతాయి గానీ వాటి నిండా డబ్బాలు, పిచ్చి గీతలు, ప్రశ్నార్థకాలు. చాలామంది వెంటనే ఇన్‌పుట్_ఎన్‌కోడింగ్‌లో ఏదో ఒక పేరు పెట్టి చూస్తారు (ఎన్‌కోడింగ్ అంటే ఏ బైట్లు ఏ అక్షరమో చెప్పే పద్ధతి), అది కుదరకపోతే ఇంకొకటి. ఈ పద్ధతిలో అసలు ప్రమాదం డాక్సిజన్ ఆగిపోవడం కాదు, ఆగకుండా తప్పుగా మార్చేయడం. కాబట్టి ముందు బైట్లు చూద్దాం, సెట్టింగుల జోలికి తర్వాత వెళ్దాం.

ఆదేశాలు, సెట్టింగుల పేర్లు ఇక్కడ పలికినట్టే తెలుగులో ఉన్నాయి. కీబోర్డు మీద మాత్రం వాటి మామూలు స్పెల్లింగే కొట్టాలి. బైట్ల విలువలన్నీ దశాంశ అంకెల్లో ఇచ్చాం, 0 నుంచి 255 దాకా.

మొదలుపెట్టే ముందు

సోర్సు మొత్తాన్ని వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి. గిట్‌లో ఉంది కదా అని ధీమా వద్దు: గిట్‌లో వరస చివరి గుర్తులు మార్చే ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్ సెట్టింగు యూటీఎఫ్-16 ఫైళ్ల మీద పనిచేస్తే అసలు బైట్లే మారిపోవచ్చు. లినక్స్ మీద పని చేయండి. విండోస్ మీదే చేయక తప్పకపోతే పవర్‌షెల్ 5.1లో ">" గుర్తుతో ఫైల్లోకి మళ్లించవద్దు. అది మీ యూటీఎఫ్-8 ఫలితాన్ని తీసుకెళ్లి యూటీఎఫ్-16గా రాసి పెడుతుంది, మీరేమో ఎన్‌కోడింగ్ మార్చే ఐకాన్వ్‌ని తిట్టుకుంటారు. పవర్‌షెల్ 7లో ఆ బెడద లేదు.

ఫైల్లో ఏ బైట్లు ఉన్నాయో చూడటం

ముందుగా "ఫైల్ -ఐ" ఆదేశంతో ఒక జాబితా తీసుకోండి. యూఎస్-ఆస్కీ అని చెప్పిన ఫైళ్లను దాదాపు పక్కన పెట్టేయొచ్చు. "దాదాపు" ఎందుకంటే ఆ ఆదేశం పెద్ద ఫైళ్లలో మొదటి భాగమే చూస్తుంది. చివర్లో ఒక్క జర్మన్ అక్షరం ఉన్నా దానికి తెలియదు. యూటీఎఫ్-8 అని చెప్పినవాటిని ఐకాన్వ్‌తో యూటీఎఫ్-8 నుంచి యూటీఎఫ్-8కే మార్పించి, ఫలితాన్ని డెవ్ నల్‌లో పారేయండి. తప్పు బైటు ఉంటే ఐకాన్వ్ ఆ స్థానం చెప్పి ఆగుతుంది. ఏమీ అనకపోతే ఆ ఫైలు బైట్ల లెక్క ప్రకారం సరైనదే. బైట్లు సరిగ్గా ఉన్నంత మాత్రాన లోపలి అక్షరాలు సరైనవని కాదు, ఆ సంగతి కిందకి వస్తుంది.

ఐఎస్ఓ-8859-1 అని, తెలియని 8-బిట్ అని వచ్చిన ఫైళ్లే మీ పని. ఆ ఆదేశం ఐఎస్ఓ-8859-1 అందంటే "ఇంకేదీ కుదరలేదు" అనే అర్థం చేసుకోవాలి. వాటిని "ఓడీ -ఏ డీ -టీ యూ1" ఆదేశంతో తెరవండి. ప్రతి బైటూ దశాంశ అంకెగా కనిపిస్తుంది. ఇక జాడలు పట్టుకోవడమే.

224, ఆ తర్వాత 176 లేదా 177, ఆ తర్వాత 128 నుంచి 191 లోపు ఏదో ఒకటి. ఈ మూడు బైట్ల గుంపు మళ్లీ మళ్లీ వస్తుంటే అది యూటీఎఫ్-8లో ఉన్న తెలుగు. యూనికోడ్‌లో తెలుగుకి కేటాయించిన 128 గడులూ సరిగ్గా ఈ రెండు వరసల్లోనే పడతాయి. "క" అంటే 224, 176, 149. "తెలుగు" అన్న మాటలో ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు.

195, 160, 194, 176 వరసగా కనిపిస్తే అది ఒకసారి యూటీఎఫ్-8 అయిన తెలుగుని ఎవరో లాటిన్ అనుకుని మళ్లీ యూటీఎఫ్-8 చేసిన ఫైలు. తెర మీద ఇది నెత్తిన గీత ఉన్న చిన్న ఏ అక్షరం, పక్కన ° లేదా ± గుర్తు, మళ్లీ అదే అక్షరం, ఇలా దండలా కనిపిస్తుంది. పైన చెప్పిన తనిఖీలో ఇది దర్జాగా నెగ్గుతుంది.

239, 187, 191తో ఫైలు మొదలైతే అది యూటీఎఫ్-8 బామ్, అంటే ఫైలు మొదట్లో ఎన్‌కోడింగ్ చెప్పే గుర్తు. 255, 254తో మొదలైతే యూటీఎఫ్-16. విజువల్ స్టూడియో రిసోర్సు ఫైళ్లు తరచూ ఇలా ఉంటాయి. మామూలు అక్షరం తర్వాత 0, తెలుగు అక్షరం తర్వాత 12 వస్తుంటుంది.

చుట్టూ మామూలు అక్షరాలుండి మధ్యలో ఒంటరిగా 228, 246, 252, 223 కనిపిస్తే జర్మన్. ఒంటరి 176 డిగ్రీ గుర్తు. అక్కడే 128 నుంచి 159 మధ్య బైట్లు కూడా ఉంటే, ముఖ్యంగా వర్డ్ నుంచి అంటించిన వంపు కోట్‌లు 145 నుంచి 148 దాకా ఉంటే, దాని పేరు లాటిన్-1 (ఐఎస్ఓ-8859-1) కాదు, విండోస్-1252. ఈ తేడా పట్టించుకోకపోతే కోట్‌లన్నీ కనిపించని కంట్రోల్ అక్షరాలైపోతాయి.

130, 131 బైట్లు జంటల్లో మొదటి బైట్లుగా పదేపదే వస్తే జపనీస్ (షిఫ్ట్_జిస్, లేదా దాని విండోస్ రూపం సీపీ932). 130తో హిరాగనా, 131తో కటకానా.

239 తర్వాత 69, ఆపైన 161 నుంచి 250 మధ్య ఒంటి బైట్లు ఉంటే అది ఇస్కీ. భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 13194గా 1991లో ప్రకటించిన పద్ధతి ఇదే. డాస్ రోజుల్లో సీడాక్ వారి జిస్ట్ కార్డు మీద తెలుగు కొట్టిన యంత్రాల ఫైళ్లు ఇలా ఉంటాయి. ఇస్కీలో అన్ని భారతీయ లిపులకీ ఒకే అంకె. "క" ఏ లిపిలోనైనా 179. ఏ లిపో చెప్పేది ఆ 239 తర్వాతి బైటు, తెలుగుకి 69. ఆ జంట లేకపోతే లిపి ఏదో ఫైలు చెప్పదు, మీరే చెప్పాలి. తప్పు చెబితే తెలుగు మాటలన్నీ చక్కగా నాగరి లిపిలో దిగుతాయి. చదివితే ఉచ్చారణ సరిగ్గానే ఉంటుంది, అదొక తమాషా.

ఇవేవీ కాకుండా కామాలు, బ్రాకెట్లు, ఇంగ్లిష్ అక్షరాలు, 160 పైన బైట్లు కలగాపులగంగా ఉండి, ఏదో ఒక ఫాంటు పెడితేనే తెలుగులా కనిపిస్తే, అది ఎన్‌కోడింగే కాదు. ఫాంటు గీతలు. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టినవి ఈ రకం. వీటి గురించి విడిగా చెప్పుకోవాలి.

ప్రతి ఫైలు పేరు పక్కన దాని ఎన్‌కోడింగ్ రాసి ఒక జాబితా ఫైలు పెట్టుకోండి. తర్వాతి అడుగులన్నీ ఆ జాబితా మీదే నడుస్తాయి. ఒకే ఫైల్లో రెండు ఎన్‌కోడింగులున్నా ఆశ్చర్యపోకండి: పైన పాత జర్మన్ హెడరు, కింద కొత్తగా చేర్చిన యూటీఎఫ్-8 కామెంటు. అలాంటి ఫైలుని ఏ సాధనమూ సరిచేయలేదు. ముక్కలుగా కోసి, ఒక్కోటీ విడిగా మార్చి, మళ్లీ అతకాలి.

సోర్సుని మార్చాలా, డాక్సిజన్‌నే మార్చుకోమనాలా?

కోడు మీదైతే, ఇక మీరే దాన్ని నడిపేవాళ్లైతే, శాశ్వతంగా యూటీఎఫ్-8కి మార్చేయండి. క్లయింటు ఇంకా అదే కోడుని జపాన్‌లో దిద్దుతూ ఉంటే మాత్రం ముట్టుకోవద్దు. ప్రతి మెర్జ్‌లోనూ మొత్తం ఫైలు మారినట్టు కనిపించి ఇద్దరికీ తలనొప్పి. అప్పుడు డాక్సిజన్ చదివేటప్పుడే మెమరీలో మార్చుకునేలా పెట్టాలి. ముందు అది చూద్దాం, ఎందుకంటే ఎక్కువమందికి కావలసింది ఇదే.

డాక్సిజన్ సెట్టింగులు

డాక్సీఫైల్_ఎన్‌కోడింగ్ అన్నది సెట్టింగుల ఫైలు గురించి మాత్రమే, సోర్సుకి దానితో సంబంధం లేదు. దాన్ని యూటీఎఫ్-8గానే వదిలేసి, డాక్సీఫైలుని కూడా యూటీఎఫ్-8లోనే సేవ్ చేయండి. ప్రాజెక్టు పేరు తెలుగులో పెట్టి ఎడిటర్ దాన్ని వేరే ఎన్‌కోడింగ్‌లో దాస్తే, పేజీల నెత్తిన ఒక్క ఆ పేరే పిచ్చి గీతలుగా వస్తుంది. మిగతా అంతా బాగుండి శీర్షికే పాడైతే ముందు ఇక్కడే చూడాలి.

ఇన్‌పుట్_ఎన్‌కోడింగ్ సోర్సు ఫైళ్లన్నిటికీ వర్తిస్తుంది. మీ జాబితాలో ఎక్కువ ఫైళ్లకి ఏది ఉందో అది పెట్టండి. మిగతావాటికి ఇన్‌పుట్_ఫైల్_ఎన్‌కోడింగ్ ఉంది. ఇది కొత్త వెర్షన్లలోనే దొరుకుతుంది. నమూనా, సమానం గుర్తు, ఎన్‌కోడింగ్ పేరు, ఇదీ రాసే తీరు. జపాన్ డ్రైవర్లన్నీ "డీఆర్‌వీ_"తో మొదలైతే ఆ నమూనాకి సీపీ932 ఇవ్వండి, జర్మన్ కొలతల ఫైళ్లకి సీపీ1252 (విండోస్-1252) ఇవ్వండి. పాత వెర్షన్‌లో ఇరుక్కుపోయి ఉంటే ఫిల్టర్_ప్యాటర్న్స్‌తో ఇదే పని చేయొచ్చు, పద్ధతి కింద ఉంది.

జపనీస్‌కి షిఫ్ట్_జిస్ అని కాకుండా సీపీ932 అనే రాయండి. రెండూ ఒకటేనని అనుకోవడం మామూలే, కానీ కాదు. ఐకాన్వ్ లైబ్రరీల్లో కొన్ని షిఫ్ట్_జిస్ పేరు చెబితే 92వ బైటుని బ్యాక్‌స్లాష్‌గా కాక యెన్ గుర్తుగా మారుస్తాయి. అప్పుడు \పారామ్, \బ్రీఫ్ లాంటి డాక్సిజన్ ఆదేశాలన్నీ ముందు యెన్ గుర్తు తగిలించుకుని మామూలు మాటలైపోతాయి. పేజీలో వివరణ ఉంటుంది, పారామీటర్ల పట్టిక మాత్రం ఉండదు. పైగా వృత్తంలో వేసిన అంకెల్లాంటివి సీపీ932లోనే ఉన్నాయి. జపాన్ కామెంట్లలో అవి లేని ఫైలు దొరకడం కష్టం.

డాక్సిజన్ లోపల జరిగేది ఇది. ఫైలు చదువుతుంది, మొదట బామ్ ఉందేమో చూస్తుంది. యూటీఎఫ్-16 బామ్ ఉంటే మీ సెట్టింగుతో పని లేకుండా మార్చుకుంటుంది, యూటీఎఫ్-8 బామ్ ఉంటే దాన్ని తీసేసి ముందుకెళ్తుంది. ఏదీ లేకపోతే మీరిచ్చిన ఎన్‌కోడింగ్ నుంచి యూటీఎఫ్-8కి ఐకాన్వ్ ద్వారా మారుస్తుంది. ఇక్కడ మూడు రకాల ఫలితాలు రావచ్చు.

ఒకటి, "అక్షరాల మార్పు కుదరలేదు, ఇన్‌పుట్_ఎన్‌కోడింగ్ చూసుకోండి" అనే అర్థంలో ఎర్రర్ చెప్పి మొత్తం పని ఆపేస్తుంది. ఇది మంచి ఫలితమే. ఏ ఫైలో చెబుతుంది, వెళ్లి దాని బైట్లు చూసుకోవచ్చు. రెండు, మీరు యూటీఎఫ్-8 అని చెప్పారు, ఫైలు కాదు. మార్చాల్సినదేమీ లేదనుకుని బైట్లను ఉన్నవున్నట్టే పేజీలోకి పంపిస్తుంది. బ్రౌజరు వాటిని డబ్బాలుగా చూపిస్తుంది, ఎక్స్ఎంఎల్ ఫలితం తీసుకునే సాధనమైతే చదవలేనని మొరాయిస్తుంది. మూడు, మీరు ఐఎస్ఓ-8859-1 అని చెప్పారు. అందులో 256 బైట్లకీ ఏదో ఒక అక్షరం ఉంది కాబట్టి ఏ ఫైలు ఇచ్చినా మారుతుంది, ఎర్రరే రాదు. "లాటిన్-1 పెట్టాక ఎర్రర్లు పోయాయి" అని ఎవరైనా అంటే ఎర్రర్లతో పాటు ఇంకేం పోయాయో చూడమనండి.

ఐకాన్వ్‌కి రాని వాటికి ఫిల్టర్

లినక్స్‌తో వచ్చే ఐకాన్వ్‌కి ఇస్కీ తెలియదు. యూనికోడ్ పనులకి వాడే ఐసీయూ లైబ్రరీకి తెలుసు. దానితో వచ్చే యూకాన్వ్ అనే ఆదేశం ఉబుంటులో ఐసీయూ-డెవ్‌టూల్స్ ప్యాకేజీలో ఉంటుంది. తెలుగు ఇస్కీకి అందులో పేరు "ఎక్స్-ఇస్కీ-టీఈ". విండోస్ కోడ్‌పేజీ లెక్కలో (అంటే విండోస్ ఎన్‌కోడింగులకి ఇచ్చే నంబర్లలో) ఇదే 57005.

డాక్సిజన్ ఫిల్టర్‌కి కావలసింది తక్కువే: ఆదేశం చివర ఫైలు పేరు తగిలించి నడుపుతుంది, తెర మీదకి వచ్చిన ఫలితాన్ని సోర్సుగా తీసుకుంటుంది. కాబట్టి ఫిల్టర్_ప్యాటర్న్స్‌లో నమూనా, సమానం గుర్తు, ఆ తర్వాత కోట్‌లలో "యూకాన్వ్ -ఎఫ్ ఎక్స్-ఇస్కీ-టీఈ -టీ యూటీఎఫ్-8" అని పెడితే చాలు, స్క్రిప్టు రాయక్కర్లేదు. ఐకాన్వ్ కూడా ఇలాగే పెట్టొచ్చు.

ఇక్కడ రెండు చోట్ల బోల్తా పడతారు. మొదటిది, ఎన్‌కోడింగ్ మార్పు ఫిల్టర్ తర్వాత జరుగుతుంది. ఫిల్టర్ యూటీఎఫ్-8 ఇచ్చింది, ఇన్‌పుట్_ఎన్‌కోడింగ్‌లో సీపీ1252 ఉంది, ఇంకేముంది, రెండోసారి మారుతుంది. ఫిల్టర్ పెట్టిన ఫైళ్లకి ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అనే ఉండాలి. రెండోది, సోర్సు బ్రౌజర్ పేజీలకి ఫిల్టర్ దానంతటది వర్తించదు. వివరణ పేజీలో తెలుగు ముత్యాల్లా ఉండి, సోర్సు చూపించే పేజీలో మాత్రం డబ్బాలు వస్తే కారణం ఇదే. ఫిల్టర్_సోర్స్_ఫైల్స్‌ని యెస్ చేయండి. ఫిల్టర్ ఏం చేసినా వరసల సంఖ్య మార్చకూడదు, లేకపోతే వరస నంబర్ల లింకులన్నీ పక్కకి జరుగుతాయి.

అను లాంటి ఫాంటు గీతలకి ఐకాన్వ్, యూకాన్వ్ రెండూ పనికిరావు. అక్కడ బైటు అంటే అక్షరం కాదు, అచ్చులో వేసే ఒక గీత. తలకట్టు ఒక బైటు, దీర్ఘం ఇంకొకటి, ఒత్తు ఎక్కడ కనిపిస్తే అక్కడే. యూనికోడ్‌లో ముందు హల్లు, తర్వాత ఒత్తు, చివర గుణింతపు గుర్తు రావాలి. పట్టికతో పాటు ఈ వరస సర్దే నియమాలు కూడా ఉన్న కన్వర్టర్ కావాలి, అదీ ఏ ఫాంటు వెర్షనో తెలిసి ఉండాలి. కామెంట్ల ముక్కలు మాత్రమే బయటికి తీసి మార్చి తిరిగి పెట్టండి. ఫైలు మొత్తం ఇస్తే కోడులోని కామాలు, బ్రాకెట్లు కూడా తెలుగు ఒత్తులైపోతాయి. రెండొందల కామెంట్ల లోపైతే మనిషిని కూర్చోబెట్టి మళ్లీ కొట్టించడమే త్వరగా అయ్యే పని.

మీరే ఫిల్టర్‌ని సీ భాషలో రాస్తుంటే బఫర్ విషయం గుర్తుంచుకోండి. ఇస్కీలో ఒక బైటు తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో 3 బైట్లవుతుంది, రెట్టింపు చోటు సరిపోదు. డాక్సిజన్ నాలుగు రెట్లు తీసుకుంటుంది, మీరూ అంతే తీసుకోండి. ఫైలుని ముక్కలుగా చదివితే ముక్క చివర సగం అక్షరం తెగుతుంది. ఐకాన్వ్ ఫంక్షన్ అప్పుడు ఈఇన్వాల్ అంటుంది, అది తప్పు కాదు, ఆ మిగిలిన బైట్లను తర్వాతి ముక్క ముందు పెట్టి మళ్లీ పిలవాలి. ఈఇల్‌సెక్ అంటేనే నిజంగా చెడ్డ బైటు. సారాంశాన్ని 80 బైట్లకి కత్తిరించే కోడు ఉంటే అది కూడా చూడండి. 80ని 3తో భాగిస్తే 2 మిగులుతుంది, తెలుగు వాక్యం సగం అక్షరంతో తెగుతుంది. కత్తిరించే చోట బైటు 128 నుంచి 191 మధ్య ఉంటే, అలా లేని బైటు దొరికేదాకా వెనక్కి జరిగి అక్కడ కోయాలి.

సోర్సుని శాశ్వతంగా మార్చేటప్పుడు

కామెంట్లు మారితే మామూలుగా ఎవరికీ నష్టం లేదు. కోట్‌లలో ఉన్న స్ట్రింగులు మారితే ప్రోగ్రామే మారుతుంది. డిగ్రీ గుర్తు విండోస్-1252లో ఒక్క బైటు, 176. యూటీఎఫ్-8లో 194, 176, రెండు బైట్లు. మీటరు తెర మీద డిగ్రీ సెల్సియస్ చూపించడానికి ఎవరో మూడు బైట్ల క్యారెక్టర్ అరే పెట్టారనుకోండి: డిగ్రీ, సీ, చివరి సున్నా. మార్చాక స్ట్రింగే మూడు బైట్లయింది, సున్నాకి చోటు లేదు. సీ ప్లస్ ప్లస్ అయితే కంపైలర్ ఒప్పుకోదు. సీ భాషలో మాత్రం చివరి సున్నా వదిలేయడం చట్టబద్ధమే, కాబట్టి బిల్డు శుభ్రంగా అవుతుంది, తెర మీద పక్క మెమరీలోని చెత్త కూడా వస్తుంది.

అందుకే మార్చే ముందే 127 పైన బైట్లున్న స్ట్రింగులన్నీ వెతికి, వాటిని ఎస్కేప్ అంకెలతో రాయండి. డిగ్రీకి అష్టాంశంలో \260. షోడశాంశ ఎస్కేప్ వాడవద్దు, ఎందుకంటే దానికి అంకెల పరిమితి లేదు. డిగ్రీ వెంటనే సెల్సియస్ సీ వస్తే, ఆ సీ కూడా షోడశాంశ అంకే కదా, దాన్నీ మింగేస్తుంది. అష్టాంశం మూడు అంకెలతో ఆగిపోతుంది.

మార్చడానికి ఐకాన్వ్‌ని ఒక్కో ఫైలు మీద నడిపి ఫలితాన్ని కొత్త పేరుతో రాయించండి, నెగ్గితేనే పాతదాని స్థానంలో పెట్టండి. ఇన్‌పుట్, ఔట్‌పుట్ ఒకే పేరు పెట్టి మళ్లిస్తే షెల్ ముందు ఫైలుని ఖాళీ చేస్తుంది, తర్వాత ఐకాన్వ్ ఖాళీ ఫైలుని మారుస్తుంది. "-సీ" వాడవద్దు, ఇగ్నోర్ కూడా వద్దు. రానిదాన్ని చెప్పకుండా పారేయమని అర్థం ఆ రెండిటికీ.

జపనీస్ ఫైళ్లలో ఇంకో గొయ్యి ఉంది. సీపీ932లో కొన్ని అక్షరాల రెండో బైటు 92, అంటే బ్యాక్‌స్లాష్. "ఫంక్షన్" అనే అర్థమున్న "కినో" మాటలో చివరి అక్షరం 148, 92. "సోర్సు" అన్న మాటని కటకానాలో రాస్తే మొదటి అక్షరం 131, 92. రెండు స్లాష్‌ల కామెంటు "కినో"తో ముగిసిందంటే వరస చివర బ్యాక్‌స్లాష్ ఉన్నట్టే. సీపీ932 తెలిసిన జపాన్ విండోస్ కంపైలర్‌కి ఇది మామూలు అక్షరం. ఇక్కడ లినక్స్ మీద జీసీసీకి మాత్రం "తర్వాతి వరస కూడా కామెంటే" అని అర్థం, ఆ కింద ఉన్న కోడు వరస మాయం. యూటీఎఫ్-8కి మార్చగానే ఆ వరస ప్రాణం పోసుకుంటుంది! అంటే కామెంటే కదా అని మార్చినా ప్రోగ్రాం ప్రవర్తన మారుతుంది, అదీ మంచికే.

కాబట్టి మార్పుకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి డీబగ్ సమాచారం లేకుండా కంపైల్ చేసి ఆబ్జెక్టు ఫైళ్లను బైటు బైటుగా పోల్చండి. తేదీ, టైము మాక్రోలు వాడిన ఫైళ్లు ఎలాగూ తేడా చూపిస్తాయి. మిగతావాటిలో తేడా వస్తే అది స్ట్రింగు మారినందువల్లా, ఇలాంటి వరస బతికినందువల్లా అని ఒక్కోటీ తేల్చుకోవాలి.

యూటీఎఫ్-8 బామ్ ఉంచాలా తీయాలా అన్నది కంపైలర్ మీద ఉంటుంది. విజువల్ సీ ప్లస్ ప్లస్ బామ్ లేకపోతే, యూటీఎఫ్-8 ఆప్షన్ ఇవ్వకపోతే, యంత్రం కోడ్‌పేజీలోనే చదువుతుంది. సీ4819 వార్నింగు వస్తే సంగతి ఇదే. షెల్ స్క్రిప్టుల్లో మాత్రం బామ్ ఉండకూడదు, మొదటి వరసే చెడుతుంది.

మార్పు మొత్తాన్ని ఒకే కమిట్‌గా పెట్టండి, అందులో ఇంకే దిద్దుబాటూ కలపవద్దు. ఆ కమిట్ నంబరు గిట్ బ్లేమ్ ఇగ్నోర్ ఫైల్లో చేర్చితే పాత రచయితల పేర్లు నిలుస్తాయి, గిట్ 2.23 నుంచి ఈ సౌకర్యం ఉంది. యూటీఎఫ్-16లోనే ఉండక తప్పని రిసోర్సు ఫైళ్లకి గిట్‌అట్రిబ్యూట్స్‌లో వర్కింగ్-ట్రీ-ఎన్‌కోడింగ్ పెట్టండి, అది 2.18 నుంచి ఉంది.

రెండుసార్లు మారిన తెలుగుని వెనక్కి తేవడం

195, 160, 194, 176 జాడ ఉన్న ఫైళ్ల దగ్గరికి వద్దాం. వెనక్కి తిప్పాలంటే మొదటిసారి ఏ లాటిన్ అనుకున్నారో తెలియాలి. "క" దొరికే చోటు చూడండి. ఆ నాలుగు బైట్ల తర్వాత 194, 149 ఉంటే లాటిన్-1. యూటీఎఫ్-8 నుంచి ఐఎస్ఓ-8859-1కి ఐకాన్వ్‌తో మార్చండి, అసలు తెలుగు యూటీఎఫ్-8 బైట్లు బయటికొస్తాయి, పని అయిపోయింది. 226, 128, 162 ఉంటే విండోస్-1252. ఇది అంత సులువు కాదు.

విండోస్-1252లో ఐదు బైట్లకి అక్షరమే లేదు: 129, 141, 143, 144, 157. ఇప్పుడు తెలుగు చూడండి. కొమ్ము 224, 177, 129. ఒత్తులన్నిటికీ మూలమైన పొల్లు 224, 177, 141. అంటే ఒక్క కొమ్ముగానీ ఒత్తుగానీ ఉన్న ఏ తెలుగు మాటా విండోస్-1252 గుండా సాఫీగా పోదు. "తెలుగు" అన్న మాటే రెండు చోట్ల తట్టుకుంటుంది. ఏ, ఐ, ఝ కూడా ఇదే జాబితాలో ఉన్నాయి.

అక్షరం లేని ఆ ఐదు బైట్లనీ బ్రౌజర్లు, వాటి దారిలో నడిచే ఎడిటర్లు కనిపించని కంట్రోల్ సంకేతాలుగా దాస్తాయి. అలా దాచి ఉంటే 194, 129 అనో 194, 141 అనో ఫైల్లో కనిపిస్తాయి, వెనక్కి తేవచ్చు. ఒంటి ఐకాన్వ్‌తో కాదు, ఒక్కో అక్షరానికీ ముందు సీపీ1252 ప్రయత్నించి, కుదరకపోతే సంకేతం 256 కంటే తక్కువైతే ఆ అంకెనే బైటుగా రాసే చిన్న పైథాన్ స్క్రిప్టు కావాలి. ఎఫ్‌టీఎఫ్‌వై లైబ్రరీలో స్లాపీ-విండోస్-1252 పేరుతో ఈ పని చేసే కోడెక్ సిద్ధంగా ఉంది.

ఎవరో ఐకాన్వ్ ఆగిపోతోందని "-సీ" తగిలించి ఉంటే మాత్రం 195, 160, 194, 177 తర్వాత ఏమీ ఉండదు. అక్కడ ఉన్నది కొమ్మో పొల్లో ఇక తెలియదు, రెండూ ఒకేలా తెగిపోయాయి. పాత బ్యాకప్ వెతకడం తప్ప దారి లేదు.

ఫలితాల వైపు

హెచ్‌టీఎంఎల్‌ని డాక్సిజన్ ఎప్పుడూ యూటీఎఫ్-8లోనే రాస్తుంది. మీ సొంత హెడర్ ఫైలు పెట్టుకుంటే అందులో మెటా చార్‌సెట్ వరస పోగొట్టకండి. ఫైలుని నేరుగా తెరిస్తే బాగుండి, ఆఫీసు సర్వర్ మీద పెట్టాక పిచ్చి గీతలు వస్తే అపాచీలో యాడ్‌డిఫాల్ట్‌చార్‌సెట్ చూడండి. సర్వర్ చెప్పిన మాటే మెటా వరస మీద నెగ్గుతుంది.

పీడీఎఫ్‌కి మామూలు పీడీఎఫ్‌లాటెక్ తెలుగు రాయలేదు. లాటెక్_సీఎండీ_నేమ్‌లో జీలాటెక్ పెట్టి, హెడర్‌లో ఫాంట్‌స్పెక్ ద్వారా నోటో సాన్స్ తెలుగో లోహిత్ తెలుగో ఇవ్వండి, స్క్రిప్టు తెలుగు అని చెప్పండి, లేకపోతే ఒత్తులు పక్కకి జారతాయి. కోడు వరసల ఫాంటు వేరే ఉంటుంది, అందులో తెలుగు ఉండదు. అప్పుడు ఎర్రర్ రాదు, లాగ్ ఫైల్లో "మిస్సింగ్ క్యారెక్టర్" అనే వరసలు మాత్రమే వస్తాయి. బిల్డు చివర ఆ మాటని వెతికి, ఉంటే ఆపేలా పెట్టండి.

సీహెచ్ఎం (విండోస్ హెల్ప్ ఫైలు) విషయంలో ఆశ వదులుకోండి. దాని విషయసూచిక పాత విండోస్ కోడ్‌పేజీలో ఉండాలి, తెలుగుకి విండోస్ అలాంటి కోడ్‌పేజీ ఎప్పుడూ ఇవ్వలేదు (పైన చెప్పిన 57005 మార్పిడికి మాత్రమే పనికొస్తుంది). పేజీల్లో తెలుగు వస్తుంది, ఎడమ పక్క సూచికలో రాదు. శీర్షికలు ఇంగ్లిష్‌లో పెట్టుకోవడమే.

ఫైళ్ల పేర్లు తెలుగులో ఉంటే అలౌ_యూనికోడ్_నేమ్స్ చూడండి. అది నో ఉన్నంతకాలం ప్రతి బైటూ నాలుగు అక్షరాల ఎస్కేప్ అవుతుంది, "తెలుగు" ఒక్కటే 72 అక్షరాలు.

ఇంకొక్కటి, అంతా సరిగ్గా ఉన్నా వెతుకులాటలో మాట దొరకకపోతే. "సాఫ్ట్‌వేర్" మధ్యలో పొల్లు విడిగా నిలబెట్టడానికి కనిపించని విడదీత గుర్తు ఉంటుంది, బైట్లలో 226, 128, 140. కామెంటులో అది ఉండి, వెతికేవాళ్లు అది లేకుండా కొడితే రెండూ వేరు మాటలు. ఐత్వం కూడా అంతే: ఒకే సంకేతంగానూ రాయొచ్చు, ఎత్వం కింద ఐత్వపు గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయొచ్చు, కంటికి తేడా తెలియదు. ఫిల్టర్‌లో ఎన్ఎఫ్‌సీ రూపానికి (ఒకే అక్షరాన్ని ఎప్పుడూ ఒకే తీరులో రాసే యూనికోడ్ రూపం) మార్చే అడుగు చేర్చితే ఐత్వం గొడవ తీరుతుంది. విడదీత గుర్తుని ఎన్ఎఫ్‌సీ ముట్టుకోదు. దాన్ని పేజీలోంచి తీసేస్తే మాట రూపం చెడుతుంది కాబట్టి సెర్చ్ జావాస్క్రిప్టులో పోల్చే చోట మాత్రమే తీసేయాలి. అదే గుర్తు వాట్సాప్ నుంచి కాపీ చేసిన పారామీటర్ పేరులో దూరి, "అలాంటి ఆర్గ్యుమెంటు లేదు" అని డాక్సిజన్ వార్నింగు ఇస్తే, ఆ పేరుని చెరిపి చేత్తో మళ్లీ కొట్టండి.